అత్తగారి తలుపు మీద అమర

బొటానికల్ గార్డెన్‌లో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవరు. రేకులక్క అంటారు. కొత్తవాళ్ళు ఆ మాట విని పూలరేకులతో ఏదో సుకుమారమైన పని అనుకుంటారు. ఆమెది సుత్తి పని. అల్యూమినియం రేకు ముక్కను ఇనపదిమ్మ మీద పెట్టి, ఒక్కో అక్షరానికీ ఒక్కో ఉక్కు అచ్చు నిలబెట్టి, దాని నెత్తిన ఒకే ఒక్క దెబ్బ వేస్తుంది. రెండోది వేస్తే అక్షరానికి నీడ పడుతుంది. పేరు పూర్తయ్యాక రేకుకి చిల్లులు పొడిచి, మొక్క పక్కన పాతిన కడ్డీకి బిగిస్తుంది. తోట చూడవచ్చినవాళ్ళు దాన్ని చదవరు. దాని మీద చెయ్యి ఆనించి ఫోటో దిగి వెళ్ళిపోతారు.

గాజు గది వెనక, ఎరువు బస్తాల కొట్టుని ఆనుకుని ఆమె గది. బల్ల మీద అచ్చుల పెట్టె ఉంటుంది. అందులో కె, డబ్ల్యూ కొన్ననాటిలాగే మెరుస్తుంటాయి. మొక్కల లాటిన్ పేర్లలో వాటితో పని తక్కువ. ఎ మాత్రం అరిగి మొద్దుబారింది. లాటిన్‌లో ఆడ మొక్కల గుణం చెప్పే మాటలు చాలావరకు ఆ అక్షరం మీదే ముగుస్తాయి.

ఇదంతా ఆమెకు చెప్పినవాడు పేర్ల పంతులు. మొక్కల పేర్లు సరిచూసే అధికారి ఆయన. పంతులన్నది వెనకాల అనే మాట. ఆకు కనిపిస్తే చాలు, తుంచి నోట్లో వేసుకుంటాడు. “మేకకి కంచె కడతాం, ఈయనకేం కడతాం?” అని తోటమాలి ఆయన వినేలాగే అంటుంటాడు.

రేకులక్క పుట్టింట్లో తండ్రి తాళాలు బాగుచేసేవాడు. తాళంచెవుల మీద నంబర్లు కొట్టడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. ఆ చెయ్యి చూసే తోటలో ఉద్యోగం ఇచ్చారు. చేరిన కొత్తలో ఒక కలుపుమొక్కకు ‘ఆల్బమ్’ అని రాసిచ్చారు. ఫోటోలు పెట్టుకునే ఆల్బమ్‌కి మొక్కతో ఏం పని, ఎవరో పొరపాటు పడ్డారనుకుని, ఉపకారబుద్ధితో ‘ఆల్బస్’ అని దిద్ది కొట్టింది. పేర్ల పంతులు రేకు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఎవరు దిద్దమన్నారమ్మా నిన్ను?”

“ఆల్బమేంటండీ, పెళ్ళి ఫోటోల్లాగ?”

“ఆల్బమంటే తెల్లది అని. మగ మొక్కైతే ఆల్బస్, ఆడదైతే ఆల్బా, ఇటూ అటూ కానిదైతే ఆల్బమ్. చూడూ, పేరులో మొదటి మాట ఇంటిపేరు. దాని సంగతి నాకొదిలెయ్. రెండో మాట దాని గుణం. గుణం తప్పు కొట్టావంటే ఆ మొక్క పరువు తీసినట్టే.”

ఆ రోజు నుంచి ఆమె ప్రతి రెండో మాటకూ అర్థం అడగడం మొదలుపెట్టింది. రెపెన్స్ అంటే పాకేది, ఆనినచోటల్లా వేళ్ళు దించేది. పెండ్యులా అంటే వేలాడేది. గ్లాబ్రా అంటే నున్ననిది. నానా అంటే పొట్టిది. ఇంటిపేర్లు ఆమెకు ఒక్కటీ గుర్తుండేవి కావు. గుణాలు మాత్రం వద్దన్నా మర్చిపోయేది కాదు. కొన్నాళ్ళకు మొక్కలు చాలక, ఆడా మగా తేడా చూడకుండా మనుషులకు తగిలించసాగింది. గేటు దగ్గర బల్లకు చేరగిలబడి డ్యూటీ చేసే కాపలాదారు పెండ్యులా. రెండు రోజులుంటానని వచ్చి రెండు నెలలైనా కదలని మరిది రెపెన్స్. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే భర్తకు జుట్టు పూర్తిగా రాలిపోయింది కనుక గ్లాబ్రా. ఇవన్నీ మనసులోనే. పైకి అంటే పెదవి దాటింది పృథివి దాటుతుందని ఆమెకు తెలుసు.

అత్తగారికి ఏ గుణం పెట్టాలో మాత్రం చాలాకాలం తేలలేదు.

ఆవిడ తిట్టే మనిషి కాదు. ఎదురుగా ఉన్న వస్తువుని పలకరిస్తుంది. కూరని చూసి “ఏమ్మా, ఉప్పుతో మాటల్లేవా నీకు?” అంటుంది. ఉతికిన దుప్పటిని చూసి “సబ్బు ఊరెళ్ళిందా?” అంటుంది. కోడలు పక్కనే నిలబడి ఉంటుంది. బదులు చెప్పాలంటే దుప్పటి చెప్పాలి. ఇల్లు మూడు గదులు, గోడలు పల్చన. ఆవిడ తన గదిలో కూర్చుని ఏ వస్తువును పలకరించినా వంటింట్లో వినిపించేది.

ఒకరోజు ఆవిడకు తన గది తలుపు మీద కన్నుపడింది.

“ఊళ్ళో చెట్టూ చేమకీ పేరు కొడతావు. ఈ తలుపు ఏం పాపం చేసింది? ముఖం కడిగిన పిల్లలా బోసిగా ఉంది.”

“మీకు రేకు కావాలా అత్తయ్యా?”

“నాకెందుకు? తలుపు అడుగుతోంది.”

అంటూ ఆవిడ చేతిలోని టీ ఒక గుక్క తాగి, కప్పులోకి తొంగిచూసింది. “కప్పు కడిగిన నీళ్ళు కప్పులోనే ఉండిపోయాయమ్మాయ్. టీ ఇంకా రాలేదు.”

రేకులక్క చెప్పులు వేసుకుంది. పనికి వెళ్ళి, ఒక రేకు ముక్క దిమ్మ మీద పెట్టి, అయిదు దెబ్బలు వేసింది. అమర. లాటిన్‌లో చేదు. ఆ అయిదు దెబ్బలకీ ఆమె ప్రాణం ఎంత హాయి పడిందంటే, సాయంత్రం ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ స్క్రూలు బిగించింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది.

“అ... మ... ర. అమర?” వెనక్కి తిరిగింది. “చావులేనిదాన్నా?”

ఈ మాటకు అలాంటి అర్థం కూడా ఉందని రేకులక్కకు ఆ క్షణం దాకా తట్టలేదు. అత్తగారు దగ్గరికొచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. “నా పెళ్ళైన దగ్గర్నుంచి నా గురించి ఎవరూ ఒక్క మంచి మాట రాయలేదే. రాయడం కాదు, అనలేదు కూడా” అంది. కళ్ళు చెమర్చాయి.

అప్పుడు చెప్పేయాల్సింది. రేకులక్క స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ నిలబడింది.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారింది. చావులేని మనిషికి తొందరేముంటుంది? అత్తగారు నిదానించింది. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పు డబ్బా తనే అందుకునేది. డబ్బాలో ఆఖరి బిస్కెట్ కోడలికి వదిలేది. కింది వాటా ఆవిడను పిలిచి తలుపు చూపించింది. ఫోన్లో కూతురికి చెప్పింది. “మీ వదిన పైకి అలా ఉంటుంది గానీ మనసు వెన్నే. నాకు అమరని పెట్టింది. నీ అత్తగారికి నువ్వేం పెట్టావే?” ఆడబిడ్డ ఆ ప్రశ్నకు చిన్నబుచ్చుకుని, “అయితే నాకూ ఒకటి కొట్టి పంపించమను” అంది.

వీధి చివర కూరగాయల బండి దాకా ఆవిడ అమర అయిపోయింది. “అమ్మా, అమరమ్మా, టమాటాలు వేయనా?” అని బండివాడు అరిచినప్పుడల్లా మేడ మీద రేకులక్కకు వినిపించేది. తేలు కుట్టిన దొంగలా కిటికీ మూసుకునేది. చెబితే ఈ నవ్వే ముఖం పోతుంది, మళ్ళీ దుప్పటి, కూర, కప్పు. చెప్పకపోతే తనే నకిలీ బంగారం అమ్మినట్టు. రోజుకోసారి చెబుదామనుకునేది. సరిగ్గా ఆ రోజే అత్తగారు మోకాళ్ళు నొప్పి పెడుతున్నా లేచి ఆరేసిన బట్టలు తీసి మడత పెట్టేది.

ఇంతలో కింది వాటా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. రేకులు మొక్కలవి కదా, మరి ఈ అమర ఏ మొక్కది?

“నా మొక్క ఎలా ఉంటుందే?” అని అత్తగారు అడిగింది. “ఒకసారి తీసుకెళ్ళు.”

“అది ఇప్పుడు పూత లేదత్తయ్యా.”

“నాకూ లేదు. పద.”

“అసలది ఈ మధ్య ఎండిపోయిందనుకుంటా.”

అత్తగారు తలెత్తి చూసింది. “అమర ఎండిపోవడమేమిటే? నీకు మతిగాని పోయిందా?”

దారి లేక, సిబ్బంది కుటుంబాలకు తోట చూపించే ఆదివారం తీసుకువెళ్ళింది. బయల్దేరేముందు భర్తను కదిపి చూసింది. “ఏమండీ, మీరు తీసుకెళ్ళకూడదూ?” ఆయన పేపర్ దించకుండా, “అత్తాకోడళ్ళు కలిసి వెళ్ళడానికి మించిన మంచి రోజేముంటుంది?” అన్నాడు.

రేకులక్క ముందురోజే ఒక జాగ్రత్త పడింది. మందుమొక్కల మడిలో క్వాసియా అమర అనే చిన్న చెట్టుంది. ఎర్రటి పూలు పూస్తుంది. దాని రేకు ఊడబీకి తన బల్ల సొరుగులో పెట్టింది. ఇప్పుడా చెట్టు పేరులేని చెట్టు. అత్తగారిని తిన్నగా గులాబీల వైపు నడిపించి, ముళ్ళులేని ఒక చక్కని పొదను చూపించి, “ఇదే అత్తయ్యా” అంది.

“దీనికి రేకు లేదేం?”

“కొత్తది కొడుతున్నాను.”

“అందుకే ఇంత ముద్దుగా ఉంది” అని అత్తగారు ఆ పొదను నిమిరింది. అంతటితో అయిపోయేదే. కానీ అటుగా పేర్ల పంతులు సిబ్బంది చుట్టాలను పదిహేనుమందిని వెంటబెట్టుకుని, ఏదో ఆకు నములుతూ వచ్చాడు.

“రేకులక్కా! మందుమడిలో క్వాసియా రేకేది? ఎవడో దొంగిలించాడు!”

“చూస్తానండీ.”

“చూడ్డం కాదు, కొత్తది కొట్టు. క్వాసియా అమర. ‘ఎ’లు సరిగ్గా పడాలి.”

అత్తగారు తలతిప్పింది. “అమరా? అది ఇది కాదుటే?”

“రండమ్మా రండి, అందరూ రండి” అని పంతులు అప్పటికే నడుస్తున్నాడు. “ఈ చెట్టు పేరులో రెండో మాటకి అర్థం నేను నోటితో చెప్పను. మీ నాలుకే చెబుతుంది.” మడి పక్కన డబ్బాలోంచి సన్నని చెక్కపేళ్ళు తీసి అరచేతిలో పోసుకున్నాడు. చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ముందు నాకివ్వండి” అని అత్తగారు కొంగు సర్దుకుని ముందుకు వెళ్ళింది. “నా పేరే అది.”

“భలే! మీ పేరు అమరా? అయితే మీ హక్కే!”

రేకులక్క “అత్తయ్యా, వద్దు” అనేలోపు ఆవిడ పేడు నోట్లో వేసుకుని గట్టిగా కొరికింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత కుడి కన్ను మూసుకుంది. తర్వాత ఎడమది. ముఖంలో ఉన్న ముడతలన్నీ ఒకచోటికి పరిగెత్తుకొచ్చాయి. చెవులు కూడా కదిలినట్టనిపించింది.

“చెప్పండి, ఏమంటోంది నాలుక?” అన్నాడు పంతులు సంబరంగా.

అందరూ చూస్తున్నారు. అత్తగారు పేడుని దవడకి నెట్టి, మింగవలసింది మింగి, నిటారుగా నిలబడింది.

“బావుంది” అంది.

“బావుండడమేంటమ్మా! చేదు! అమర అంటే చేదు! ఈ చెక్కతో చేసిన గ్లాసులో నీళ్ళు పోస్తే నీళ్ళు కూడా చేదెక్కుతాయి!”

“అవునా” అంది అత్తగారు. “ఇంకోటి ఇవ్వండి.”

రెండోది నోట్లో వేసుకోలేదు. రుమాలులో మడిచి సంచిలో పెట్టుకుంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అత్తగారు కిటికీలోంచి చూస్తోంది. కోడలు కుక్కిన పేనులా ఉంది. ఏదో ఒక వస్తువును ఆవిడ పలకరిస్తే బాగుండునని, సీటు చిరుగునో, అద్దం మీద మురికినో నాలుగు మాటలంటే ప్రాణం కుదుటపడేదని రేకులక్క అనుకుంది. ఆవిడ ఏదీ పలకరించలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికి వంటింట్లో స్టవ్ వెలుగుతోంది. అత్తగారు టీ పెడుతోంది. ఈ ఇంట్లో అది ఎన్నడూ లేదు. కొడుకు దుకాణానికి వెళ్ళేదాకా ఆగి, ఒక కప్పు కోడలి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

“తాగమ్మాయ్.”

రేకులక్క ఒక గుక్క తాగింది. ఆమె రెండు కళ్ళూ ఒకేసారి మూసుకున్నాయి.

“ఎలా ఉంది?”

“అమరంగా ఉందత్తయ్యా.”

“నిన్నటి పేడు. నీ టీలో వేసి ఉడకనిచ్చాను.” అత్తగారు తన కప్పులోని మంచి టీ తాగింది. “కావాలనే కొట్టావా?”

“కావాలనే.”

“ఏనాడు?”

“మీరు టీని కప్పు కడిగిన నీళ్ళన్నారే, ఆనాడు.”

“అది నిజంగానే అలా ఉందే.”

“ఉండొచ్చు.”

“మరి నేను నీ గడ్డం పట్టుకున్నప్పుడైనా చెప్పొచ్చుగా? ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. ఆ బండివాడి చేత కూడా చేదమ్మా చేదమ్మా అనిపించుకున్నాను!”

“చెబుదామనే అనుకున్నాను. మీరు నా గడ్డం పట్టుకోవడం అదే మొదటిసారి అత్తయ్యా.”

అత్తగారు కప్పు కింద పెట్టింది. లేచి స్క్రూడ్రైవర్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“తియ్యి. వేరేది కొట్టు. నీకు తెలిసినవన్నీ చెప్పు, నేను చూసుకుంటాను.”

చీరలు పరిచినట్టు రేకులక్క గుణాలు పరిచింది.

“డల్సిస్. తియ్యనిది.”

“ఎవరు నమ్ముతారు? నువ్వే నవ్వుతావు.”

“సెంపర్‌వైరెన్స్. ఎప్పుడూ పచ్చగా ఉండేది.”

“నా మోకాళ్ళు చూసి మాట్లాడు.”

“అఫిషినాలిస్. మందుల దుకాణంలో పనికొచ్చేది.”

“ఇప్పటికే సగం దుకాణం నా కడుపులో ఉంది. ఇంకోటి.”

“స్పైనోసా. ముళ్ళది.”

“అది మీ ఆడబిడ్డకి పంపించు. ఎలాగూ అడిగింది.”

“వల్గారిస్. మామూలుది.”

“మామూలుదానికి రేకెందుకే?”

“నెగ్లెక్టా.”

“అంటే?”

“ఎవరూ పట్టించుకోనిది. కళ్ళెదురుగానే ఉంటుందట ఏళ్ళతరబడి. అందరూ వేరే మొక్కే అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతారట. ఎప్పుడో ఎవరో ఆగి చూసి, అయ్యో ఇది దీనంతటది వేరే కదా అనుకుని ఆ పేరు పెడతారు.”

అత్తగారు కొంచెంసేపు బల్ల మీద చెక్కగీతలు చూసింది. “అది తలుపు మీద రాసుకునేది కాదు” అంది. తర్వాత స్క్రూడ్రైవర్ తీసి సొరుగులో పడేసింది.

“ఏం, తీయొద్దా?”

“ఇప్పుడు తీస్తే ఎందుకు తీశావని కింది వాటా ఆవిడ అడుగుతుంది. ఆవిడకి లాటిన్ చెప్పడం నా వల్ల కాదు. ఉండనీ. చేదైతే చేదే. వీధికి అమర, నీకూ నాకూ చేదు.” అని, కోడలి వైపు వేలు చూపించింది. “కానీ ఒకటి. నీ తలుపుకి కూడా రేకు పడాలి. మాట నేను ఎంచుతాను. చెప్పు, ఇంకేమున్నాయి?”

రేకులక్క భయంభయంగా మళ్ళీ మొదలుపెట్టింది. డూబియా అంటే అనుమానం. హిర్సూటా అంటే వెంట్రుకలది. అత్తగారు అన్నిటికీ తల అడ్డంగా ఊపుతోంది. ఏదీ సరిపోయేంత చెడ్డగా లేదు.

“రారా” అంది రేకులక్క.

“ఏంటీ?”

“రారా. అరుదుగా దొరికేది అని. ఎక్కడోగానీ కనబడదు, కనబడితే పంతులుగారు కంచె వేయిస్తారు.”

అత్తగారి ముఖంలో వెలుగు నెమ్మదిగా వచ్చింది.

“రారా. వీధిలో కుక్కని పిలిచినట్టుంది.”

“అత్తయ్యా!”

“నాకు పొగడ్తలా కనిపించే తిట్టు పెట్టావు. నేను నీకు తిట్టులా కనిపించే పొగడ్త పెడుతున్నాను. ఎవరు మంచివాళ్ళో మీ పంతుల్నే అడుగు. పో, కొట్టుకురా.”

సాయంత్రానికి రేకు వచ్చింది. అత్తగారు కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుని, “కుడి వైపు కొంచెం పైకి” అంటూ మరీ బిగింపించింది.

భర్త దుకాణం నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ పడగ్గది దాకా వెళ్ళి ఆగాడు. రోజంతా జనం చేత అక్షరాలు చదివించే మనిషి కనుక, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చదివాడు. తర్వాత రెండోది మూసి చదివాడు. రెండింటికీ ఒకటే కనిపించింది.

“అమ్మా, ఈ తలుపు మీద రారా అనుందేంటి? ఎవర్ని?”

“నిన్ను కాదులేరా. అది లాటిన్. నీ పెళ్ళాం లాంటిది ఎక్కడోగానీ దొరకదని దానర్థం.”

వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

ఆయన ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. “మరి నేను లోపలికి వెళ్ళొచ్చా?”

“తలుపు అంత గౌరవంగా పిలుస్తుంటే ఇంకా అడుగుతావేంరా” అంది అత్తగారు. “వెళ్ళు.”